డల్లాస్ నుంచి బెర్బెరిన్ సీసా వచ్చింది, అత్తగారు పొడపత్రి పొడి తెచ్చారు. ఏది వాడాలి, ఏది వద్దు?

కృష్ణలంక_రవి
నాకు 44. ఉండేది విజయవాడ. ఆఫీసులో చేయించిన హెల్త్ చెకప్ రిపోర్టు పోయిన నెల చేతికొచ్చింది. పరగడుపు షుగర్ 112, మూడు నెలల షుగర్ సగటు (హెచ్‌బీఏ1సీ) 6.1, రక్తంలో కొవ్వు అంటే ట్రైగ్లిజరైడ్స్ 246, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ 35, బీపీ 138/88. నడుముకు టేపు పెట్టి కొలిస్తే 98 సెంటీమీటర్లు. డాక్టరు గారు కాగితం మీద అయిదు టిక్కులు పెట్టి, "దీన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటారు. షుగర్ ఇంకా రాలేదు, గుమ్మం దాకా వచ్చింది" అన్నారు. బీపీకి టెల్మిసార్టన్ 40 రాశారు. మిగతావాటికి మూడు నెలలు తిండి మార్చు, నడువు, మళ్లీ చూద్దాం అన్నారు.

ఇంట్లో చెప్పానో లేదో, తలా ఒక మందు తెచ్చారు. మా బావమరిది ఎవరో వస్తుంటే డల్లాస్ నుంచి బెర్బెరిన్ (ఒక రకం చెక్క నుంచి తీసే పదార్థం) సీసా పంపాడు, 500 మి.గ్రా. క్యాప్సూల్స్, రోజుకు మూడు వేసుకోమని. అత్తగారు పొడపత్రి పొడి, నేరేడు గింజల పొడి తెచ్చారు. మా ఆవిడ రాత్రి మెంతులు నానబెడుతోంది. పక్క ఫ్లాటు ఆయన గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ మాత్రలు వాడి నాలుగు కిలోలు తగ్గానంటున్నాడు. అన్నీ మొక్కలే కదా, అన్నీ కలిపి వేసుకుంటే తప్పేముంది అని వీళ్ల మాట.

నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. మా నాన్నకు యాభై దాటకముందే షుగర్ వచ్చింది. ఆయన కాలి బొటనవేలు తీసేసినప్పుడు ఆస్పత్రిలో పక్కన ఉన్నది నేనే. ఆ దారిలో వెళ్లకూడదని గట్టిగా అనుకుంటున్నాను. వాడినవాళ్లు చెప్పండి.

గోదావరి_గట్టు
అయిదు టిక్కులు అంటే ఏమిటి? నాకూ ట్రైగ్లిజరైడ్స్ ఎక్కువే. మా డాక్టరు ఈ పేరు ఎప్పుడూ చెప్పలేదు.

ఫార్మసిస్టు_పద్మ
గట్టు గారూ, చూసేవి అయిదు. నడుము మన దక్షిణాసియా మగవాళ్లకు 90 సెం.మీ., ఆడవాళ్లకు 80 దాటకూడదు. ట్రైగ్లిజరైడ్స్ 150కి చేరినా, హెచ్‌డీఎల్ మగవాళ్లకు 40 కన్నా, ఆడవాళ్లకు 50 కన్నా తగ్గినా, బీపీ 130/85కి చేరినా, పరగడుపు షుగర్ 100కి చేరినా ఒక్కో టిక్కు. మూడు పడితే మెటబాలిక్ సిండ్రోమ్ కింద లెక్క. రవి గారికి అయిదూ పడ్డాయి.

నడుము కొలత ప్యాంటు సైజు కాదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. చాలామంది పొట్ట లోపలికి లాక్కుని కొలుచుకుంటారు.

గోదావరి_గట్టు
ఇప్పుడే కొలిచాను. 96. లోపలికి లాగితే 91.

ఫ్రిస్కో_సతీష్
రవి అన్నా, నేను బెర్బెరిన్ అయిదు నెలలుగా వాడుతున్నా. మూడు నెలల సగటు 6.3 నుంచి 5.8కి దిగింది. ట్రైగ్లిజరైడ్స్ 220 నుంచి 160. మొదటి రెండు వారాలు కడుపులో మెలిపెట్టింది, విరేచనాలు కూడా అయ్యాయి. రోజుకు ఒక్కటితో మొదలుపెట్టి, భోజనానికి ముందు వేసుకుంటూ మెల్లగా పెంచితే సర్దుకుంది. ఇక్కడ అమెరికాలో 2023 నుంచి దీన్ని 'ప్రకృతి ఇచ్చిన ఒజెంపిక్' (బరువు కూడా తగ్గించే షుగర్ ఇంజెక్షన్ పేరు అది) అని వీడియోల్లో ఊదరగొడుతున్నారు. ఆ పేరు మాత్రం నమ్మకు. నా బరువు రెండు కిలోలకు మించి తగ్గలేదు.

మెంతికూర
సతీష్ గారూ, ఆ అయిదు నెలల్లో తిండి మార్చారా?

ఫ్రిస్కో_సతీష్
రాత్రి అన్నం మానేశా. వారానికి నాలుగు రోజులు జిమ్.

మెంతికూర
మరి తగ్గించింది క్యాప్సూలా, మానేసిన అన్నమా?

ఫ్రిస్కో_సతీష్
నిజం చెప్పాలంటే విడదీసి చెప్పలేను. రెండూ ఒకే వారం మొదలుపెట్టా.

ఫార్మసిస్టు_పద్మ
బెర్బెరిన్ గురించి నాకు తెలిసింది చెప్తాను. ఆస్పత్రి ఫార్మసీలో పదకొండేళ్లుగా ఉన్నాను కాబట్టి రెండు వైపులా చూశాను.

అది ఉత్త నీళ్లు కాదు, పనిచేసే పదార్థమే. 2008లో చైనాలో కొత్తగా షుగర్ బయటపడిన 36 మందిలో కొందరికి బెర్బెరిన్, కొందరికి మామూలుగా రాసే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఇచ్చారు. రెండూ 500 మి.గ్రా., రోజుకు మూడుసార్లు, మూడు నెలలు. బెర్బెరిన్ వాడినవాళ్ల మూడు నెలల సగటు 9.5 నుంచి 7.5కి దిగింది, మెట్‌ఫార్మిన్‌తో దాదాపు సమానంగా. అందరూ చూపించేది ఈ అధ్యయనాన్నే. అందులో ఎంతమంది ఉన్నారో చూడండి, 36 మంది. అదీ మూడు నెలలే. పదేళ్లు వాడితే గుండెకు, కిడ్నీకి మేలు చేస్తుందా అన్నదానికి మెట్‌ఫార్మిన్‌కు ఉన్నంత రుజువు దీనికి లేదు. అదే పరిశోధనలో మొత్తం మీద ముగ్గురిలో ఒకరికి కడుపు ఇబ్బంది వచ్చింది. సతీష్ గారికి వచ్చినట్టే.

నా అసలు భయం వేరే ఉంది. మనం మింగే చాలా మందుల్ని లివర్లో విరగ్గొట్టే ఎంజైమ్‌ల మీద బెర్బెరిన్ బ్రేకు వేస్తుంది. కొలెస్ట్రాల్ మాత్ర అటోర్వాస్టాటిన్, బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ లాంటివి ఆ దారినే బయటికి పోతాయి. దారి మూసుకుపోతే వేసుకున్న 10 మి.గ్రా. ఒంట్లో ఇంకా ఎక్కువ డోసులా పనిచేయవచ్చు. రవి గారి టెల్మిసార్టన్ ఆ దారిలో పోదు, అంతవరకు నయం. రేపు డాక్టరు కొలెస్ట్రాల్ మాత్ర రాస్తే మాత్రం ఈ సీసా సంగతి ఆయనకు తెలిసి ఉండాలి. మా కౌంటర్ దగ్గర "వేరే మందులేమైనా వాడుతున్నారా" అంటే "ఏమీ లేవండి" అంటారు. సంచిలో మూడు చూర్ణాలు ఉంటాయి. వాటిని మందుల్లో లెక్కెయ్యరు.

నేరేడుచెట్టు
పద్మ గారు చెప్పింది విన్నాక ఒక మాట. రిటైరైన మాస్టారిని, మాది ఆత్మకూరు వైపు, నల్లమల అంచు. పొడపత్రి మాకు కొత్త కాదు. చిన్నప్పుడు పశువులు మేపే పిల్లలం ఆ ఆకు నమిలి, వెంటనే బెల్లం ముక్క నోట్లో వేసుకునేవాళ్లం. బెల్లం కాదు, మట్టిగడ్డ నమిలినట్టుండేది. పంచదార వేసుకుంటే ఇసుకే. అరగంట గడిస్తే గానీ నాలుకకు మళ్లీ తీపి తెలిసేది కాదు. మధునాశిని అన్న పేరు ఊరికే రాలేదు.

నేను పన్నెండేళ్లుగా షుగర్ మాత్ర వేసుకుంటున్నాను. సాయంత్రం టీ వేళకు రెండు పొడపత్రి ఆకులు నములుతాను. నాకు దాని మేలు ఒక్కటే: ఆ పూట స్వీటు మీదికి మనసు పోదు. మాత్ర మాత్రం ఏనాడూ మానలేదు.

వరంగల్_వాసు
మాస్టారూ, పెళ్లిళ్లలో విందుకు ముందు ఆ ఆకు పంచితే లడ్డూల ఖర్చు మిగులుతుంది.

నేరేడుచెట్టు
లడ్డూ ఖర్చు మిగులుతుంది గానీ, వియ్యంకుడు ఊరుకోడు బాబూ.

తార్నాక_శేఖర్
మెంతుల సంగతి ఎవరూ ఎత్తలేదేం? దాని మీద పెద్ద పని జరిగింది మన హైదరాబాదులోనే, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో. 1990లో ప్రచురించారు. నూనె తీసేసిన మెంతిపిండి రోజుకు 100 గ్రాములు, సగం మధ్యాహ్నం, సగం రాత్రి భోజనంతో పెట్టారు. పరగడుపు షుగర్ తగ్గింది, మూత్రంలో పోయే షుగర్ సగానికి పైగా తగ్గింది, కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్స్ కూడా తగ్గాయి.

ఆ 100 గ్రాములు అన్న మాట మళ్లీ చదవండి. మనం నానబెట్టుకునేది ఒక చెంచా, అంటే నాలుగు గ్రాములు. అందులో పాతికో వంతు. తాగి "మెంతులు పనిచేయలేదు" అనేవాళ్లకూ, "మెంతులు తాగుతున్నా కదా, స్వీటు తినొచ్చు" అనేవాళ్లకూ ఈ లెక్క తెలియదు.

మెంతికూర
నా పేరు చూసి అర్థమయ్యే ఉంటుంది, నేను మెంతుల పక్షం. రోజుకు రెండు పెద్ద చెంచాలు నానబెట్టి, నీళ్లతో పాటు గింజలు కూడా నమిలి తింటాను. చాలామంది నీళ్లు తాగి గింజలు పారేస్తారు. ఆ గింజ మీద కట్టే జిగురే అసలు పీచు. అదే పేగులో అన్నంలోని పిండి పదార్థం త్వరగా రక్తంలో కలవకుండా ఆపుతుంది. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు మాత్రం పొద్దున్నే దాంతో పాటు ఇవి తినకండి, ఆ జిగురు మాత్రను కూడా పట్టుకుంటుంది. రెండిటికీ కొన్ని గంటల ఎడం ఉండాలి. మా అక్కకు థైరాయిడ్ పరీక్షలో ఎప్పుడూ 3 లోపు ఉండే టీఎస్‌హెచ్ 9 దాకా పెరిగితే, కారణం వెతికి వెతికి ఇక్కడికొచ్చి తేలింది.

తెనాలి_రాధ
రవి గారూ, మీరు తెచ్చిపెట్టుకున్నవాటి మీద పేరైనా ఉంది. పేరు లేని పొడుల సంగతి నేను చెప్తాను, దయచేసి పూర్తిగా చదవండి.

మా అమ్మకు 67. గ్లిమెపిరైడ్ అనే షుగర్ మాత్ర వాడుతుంది. పోయిన ఏడాది చుట్టాల్లో ఒకరు ఊరూరా తిరిగి మందిచ్చే ఆయన దగ్గర 'షుగర్ పొడి' ఇప్పించారు. పాత న్యూస్‌పేపర్లో కట్టిన పొట్లాలు, ఒక్కోటి చెంచాడు, బూడిద రంగు. వారంలో షుగర్ 210 నుంచి 120కి వచ్చింది. అందరం సంబరపడ్డాం. తొమ్మిదో రోజు తెల్లవారుజామున మూడింటికి అమ్మ మంచం మీద ఏదో గొణుగుతుంటే లేచాను. ముట్టుకుంటే జాకెట్టు పిండొచ్చు, అంత చెమట. నన్ను మా పెద్దమ్మ పేరుతో పిలుస్తోంది. మిషన్ పెట్టి చూస్తే 41.

పంచదార నీళ్లు కొద్ది కొద్దిగా తాగించాను, చేతులు వణికి సగం ఒంటి మీదే పోశాను. ఆస్పత్రిలో డ్రిప్ పెట్టి ఒకటిన్నర రోజు ఉంచుకున్నారు. ఎందుకంటే కాస్త పెరిగి మళ్లీ పడిపోతూ ఉండేది. అక్కడి డాక్టరు పొట్లం విప్పి చూసి, "ఇందులో షుగర్ మాత్రే నూరి కలిపి ఉంటారని నా అనుమానం. పైన మీరు ఇంకో మాత్ర వేస్తున్నారు" అన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో పేరు లేని పొడి గుమ్మం దాటి రాదు.

ఫార్మసిస్టు_పద్మ
రాధ గారూ, అమ్మ క్షేమంగా ఉన్నారు, అదే పదివేలు. ఆ డాక్టరు అనుమానానికి ఆధారం ఉంది. 2008లో సింగపూర్‌లో మూలికల పేరుతో అమ్మిన మందుల్లో గ్లైబెన్‌క్లమైడ్ అనే షుగర్ మందు కలిసి ఉండి, షుగర్ పడిపోయి వందకు పైగా మంది ఆస్పత్రి పాలయ్యారు, కొందరు చనిపోయారు. ఏదైనా మూలికా పొడి వారంలో వంద పాయింట్లు దించిందంటే సంతోషపడకండి, అనుమానించండి. ఆకులు, గింజలు అంత వేగంగా పనిచేయవు.

ఇంకో మాట. షుగర్‌ను, బీపీని, ఊబకాయాన్ని నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే మన దేశంలో నేరం. 1954 నాటి చట్టం ఉంది. 'మూడు వారాల్లో షుగర్ మాయం' అని గోడ మీద రాసినవాడు ఆ పూటకే చట్టం దాటినట్టు.

వరంగల్_వాసు
అందుకే నేను అంటాను, ఆయుర్వేదం మొత్తం పక్కన పెట్టండి. ఇంటర్నెట్లో అమ్మే ఆయుర్వేద మందుల్లో అయిదింట ఒకదాంట్లో సీసమో, పాదరసమో, ఆర్సెనిక్కో ఉందని 2008లో అమెరికాలో పరీక్షించి తేల్చారు.

ఆయుర్వేదం_అమృత
వాసు గారూ, నేను బీఏఎంఎస్ చేసి ప్రాక్టీసులో ఉన్నాను. ఆ అధ్యయనం నేనూ చదివాను. భస్మాలు, అంటే లోహాలను కాల్చి చేసిన పొడులు, కలిపే రసశాస్త్ర మందుల్లో లోహాలు దొరికిన శాతం మిగతావాటికన్నా ఎక్కువ. పైగా అమెరికాలో తయారైనవాటిల్లోనూ మన దేశంలో తయారైనవాటిల్లోనూ దాదాపు అంతే శాతం. తప్పును తప్పంటాను. పరీక్ష చేయని మందును నా పేషెంటుకు ఇవ్వను. కానీ రాధ గారు చెప్పిన పొట్లం ఆయుర్వేదం కాదు, అది మోసం.

అసలు విషయానికొస్తే, బెర్బెరిన్ వచ్చేది దారుహరిద్ర నుంచి. మన అంగళ్లలో మానుపసుపు పేరుతో దొరికే చెక్కలోనూ ఉంటుంది. చెక్కను నలగ్గొట్టి కషాయం కాస్తే నీళ్లు పచ్చగా దిగుతాయి, ఆ పచ్చదనమే బెర్బెరిన్. మేము దాన్ని రోగి జీర్ణశక్తి చూసి, ఉసిరి లాంటివాటితో కలిపి, కొన్ని వారాలకని ఇస్తాం. అందులోంచి ఒక్క పదార్థాన్ని లాగి, రోజుకు 1500 మి.గ్రా. ఏళ్ల తరబడి మింగడం మా శాస్త్రంలో ఎక్కడా లేదు. అది కొత్త మందు. కొత్త మందును చూసినంత జాగ్రత్తగానే చూడాలి. 'మొక్కే కదా' అనకండి. మెట్‌ఫార్మిన్ పుట్టుక కూడా గలేగా అనే మొక్కే. దాన్ని మీరెవరూ డాక్టరును అడగకుండా మింగరు.

వరంగల్_వాసు
ఈ చివరి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తా అమృత గారూ. మొత్తం పక్కన పెట్టండి అన్నది నా తొందర, వెనక్కి తీసుకుంటున్నా.

ఉదయం_నడక
రవి, పక్క ఫ్లాటు ఆయన గ్రీన్ టీ మాత్రలు మాత్రం ముట్టుకోకు. మా బాబాయి కొడుకు జిమ్‌లో ఎవరో ఇచ్చారని గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్, గార్సినియా కలిపిన క్యాప్సూల్స్ రెండు నెలలు వాడాడు. మూత్రం టీ డికాషన్ రంగులో వస్తోందన్నాడు, ఎండ దెబ్బ అనుకున్నాం. కళ్లు పచ్చబడ్డాక గానీ కదల్లేదు. లివర్ పరీక్షలో ఎస్‌జీపీటీ 900 దాటింది. మాత్రలు మానేశాక తగ్గడానికి రెండున్నర నెలలు పట్టింది. వాడికి ముప్పై ఒక్కేళ్లు, తాగుడు అలవాటు లేనివాడు.

కృష్ణలంక_రవి
అయ్యో. గ్రీన్ టీ తాగితేనూ ప్రమాదమేనా? ఆఫీసులో రోజుకు రెండు కప్పులు తాగుతాను.

ఫార్మసిస్టు_పద్మ
కప్పులో తాగే టీ వేరు. మాత్రలో ఈజీసీజీ అనే పదార్థాన్ని గాఢంగా నింపుతారు. రోజుకు 800 మి.గ్రా. దాటితే లివర్ ఎంజైమ్‌లు పెరిగే అవకాశం ఉందని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే చెప్పింది. ఖాళీ కడుపున వేసుకుంటే ఇంకా చెడ్డ. మీ రెండు కప్పులు తాగండి, చక్కెర లేకుండా.

పసుపుదీ ఇదే కథ. కూరలో వేసే పసుపులో కర్క్యుమిన్ సుమారు మూడు శాతం. 95 శాతం అని రాసిన 500 మి.గ్రా. క్యాప్సూల్ ఒక్కటి మింగితే, పదిహేను గ్రాముల పసుపు ఒక్క గుక్కలో మింగినట్టు. పైగా అందులో మిరియాల సారం, పైపెరిన్, కలుపుతారు. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల వాళ్లు ప్రచురించిన పరీక్షలో పైపెరిన్ తోడైతే మనిషి రక్తంలోకి కర్క్యుమిన్ ఇరవై రెట్లు ఎక్కువ చేరింది. దాన్నే గొప్పగా అట్ట మీద వేసుకుంటారు. పైపెరిన్ వేరే మందుల్ని కూడా అలాగే ఎక్కించగలదని మాత్రం వేయరు. ఇలాంటి క్యాప్సూల్స్‌తో లివర్ దెబ్బతిన్న కేసులు ఇటలీలో, అమెరికాలో నమోదయ్యాయి. మన పులుసులో చిటికెడు పసుపుతో ఎవరికీ ఏమీ కాలేదు.

మెంతికూర
దాల్చినచెక్క సంగతి కూడా చెప్పండి పద్మ గారూ. మా అపార్ట్‌మెంట్లో ఆడవాళ్లందరూ పొద్దున్నే ఆ నీళ్లే.

ఫార్మసిస్టు_పద్మ
2003లో పాకిస్తాన్‌లో 60 మంది మీద చేసిన పరీక్షలో షుగర్ బాగా తగ్గిందని వచ్చింది, అప్పటి నుంచి ఈ మోజు. తర్వాత చేసినవాటిలో కొన్నిట్లో తగ్గింది, కొన్నిట్లో లేదు. మన కిరాణా కొట్లో దొరికే మందపాటి బెరడు ఎక్కువగా కాసియా రకం. అందులో కౌమారిన్ ఉంటుంది, రోజూ చెంచాల లెక్కన తింటే లివర్‌కు మంచిది కాదు. చుట్టలు చుట్టుకుని, వేలితో నొక్కితే పెళపెళా విరిగే సన్నటి సిలోన్ చెక్కలో అది చాలా తక్కువ. బిర్యానీలో వేసే ముక్కకు ఏ ఢోకా లేదు.

గోదావరి_గట్టు
నాది కూడా ఒకటి కలుపుతున్నా. దగ్గు తగ్గడం లేదని రెండు నెలలు రోజూ అతిమధురం వేరు నమిలాను. మామూలుగా 130 ఉండే బీపీ 160కి వెళ్లింది, కాళ్లు లాగేవి. రక్త పరీక్షలో పొటాషియం 3.1. వేరు మానేసిన మూడు వారాలకు అన్నీ దారిన పడ్డాయి.

ఆయుర్వేదం_అమృత
గట్టు గారి అనుభవం అందరూ గుర్తు పెట్టుకోవాలి. అతిమధురం ఉప్పును, నీటిని ఒంట్లో ఆపుతుంది, పొటాషియాన్ని బయటికి పంపుతుంది. చాలా చూర్ణాల్లో రుచి కోసం కలుపుతారు. రవి గారూ, మీకు బీపీ ఉంది కాబట్టి అత్తగారు తెచ్చిన డబ్బాల మీద యష్టిమధు అని ఉందేమో చూడండి. రెండు పేర్లూ ఒకటే.

లహరి_24
మధ్యలో వస్తున్నాను, నాకు పీసీఓఎస్, అంటే నెలసరి తప్పే హార్మోన్ల సమస్య. ట్రైగ్లిజరైడ్స్, నడుము, షుగర్ మూడూ ఎక్కువే. ఒక ఆన్‌లైన్ డైటీషియన్ బెర్బెరిన్ ఇచ్చారు, నెలసరి కూడా సరైంది. ఇప్పుడు పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. కొనసాగించొచ్చా?

ఫార్మసిస్టు_పద్మ
లహరీ, ఈరోజే ఆపేసి మీ గైనకాలజిస్టుకు ఫోన్ చేయమ్మా. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు బెర్బెరిన్ వాడకూడదు. అది పుట్టిన బిడ్డ రక్తంలో పచ్చకామెర్ల పదార్థాన్ని పెంచి మెదడుకు హాని చేసే ప్రమాదం ఉంది. మెట్‌ఫార్మిన్ మాట అక్కడే అడుగు.

లహరి_24
ఆపేశాను అక్కా. రేపు పొద్దున అపాయింట్‌మెంట్ దొరికింది. ఆ డైటీషియన్ పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారా అని ఒక్కసారి కూడా అడగలేదు.

కృష్ణలంక_రవి
నా సీసాలన్నీ డైనింగ్ టేబుల్ మీద వరసగా పెట్టి, ఫోన్‌లో పెద్దది చేసుకుని చదివాను. బెర్బెరిన్ సీసా ముందు '1500' అని ఉంది. వెనక సన్న అక్షరాల్లో చూస్తే ఆ 1500 మూడు క్యాప్సూల్స్‌కు, అందులో బెర్బెరిన్ ఎంతో విడిగా లేదు. దాల్చినచెక్క, కాకర, పైపెరిన్ అన్నీ కలిపి 'ప్రొప్రైటరీ బ్లెండ్' అని ఒకే అంకె వేశారు. నేరేడు గింజల పొడి డబ్బా మీద గింజలు మాత్రమే. పొడపత్రి డబ్బా మీద అడుగున యష్టిమధు ఉంది! అమృత గారు చెప్పకపోతే చూసేవాణ్ని కాదు.

ఫ్రిస్కో_సతీష్
నేనూ ఇప్పుడే నా సీసా తిప్పి చూశా. నాది ఒట్టి బెర్బెరినే, ఒక్కో క్యాప్సూల్‌కు 500. కానీ నేను అటోర్వాస్టాటిన్ వేసుకుంటున్నా, మా డాక్టరుకు ఇది చెప్పలేదు. పద్మ గారూ, ఇవాళే పోర్టల్‌లో మెసేజ్ పెడుతున్నా.

ఉదయం_నడక
ఇన్ని పొడుల మధ్య నడక మాట మర్చిపోతున్నారు. 2006లో చెన్నై డాక్టర్లు మనలాంటి గుమ్మం దగ్గర ఉన్నవాళ్ల మీదే పరిశోధన చేసి చెప్పారు. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగర్‌గా మారే ముప్పు 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ వాడినవాళ్లలో 26.4. ఏ సీసా మీదా ఇలాంటి లెక్క నేను చూడలేదు.

రవి, రాత్రి ఎన్నింటికి తింటావు? ఎంత అన్నం?

కృష్ణలంక_రవి
పది దాటుతుంది. అన్నం రెండుసార్లు పెట్టుకుంటాను, పెరుగన్నం విడిగా. తిన్నాక నేరుగా మంచమే.

ఉదయం_నడక
అక్కడే మొదలుపెట్టు. ఎనిమిదింటికి తిను, అన్నం ఒక్కసారే. కూర, పప్పు ముందు తిని అన్నం చివర్లో. తిన్న వెంటనే బందరు కాలవ గట్టు మీద పావుగంట నడువు.

నేరేడుచెట్టు
రవీ, ఒక్కటి మార్చి కొలుచుకో నాయనా. నాలుగూ ఒకేసారి మొదలుపెడితే మంచి జరిగినా దేనివల్లో తెలియదు, చెడు జరిగినా దేనివల్లో తెలియదు. క్లాసులో లెక్క తప్పితే ఎక్కడ తప్పిందో వరస వరస చూడమని పిల్లలకు చెప్పేవాణ్ని.

కృష్ణలంక_రవి
మూడు నెలల తర్వాత వస్తున్నాను, చెప్పకుండా ఉండలేకపోయాను. బెర్బెరిన్ సీసా తెరవలేదు. డాక్టరు గారికి చూపిస్తే "ప్రస్తుతానికి వద్దు, అవసరమైతే నేనే మందు రాస్తాను" అన్నారు. అత్తగారి పొడపత్రి డబ్బా యష్టిమధు చూపించి పక్కన పెట్టాను, ఆవిడే "నాకూ బీపీ ఉంది కదా" అని తన డబ్బా కూడా మానేశారు. నేరేడు గింజల పొడి కూడా కదపలేదు. మెంతులు రెండు చెంచాలు గింజలతో సహా, రాత్రి ఎనిమిదింటికి భోజనం, కాలవ గట్టు మీద నడక. మాస్టారూ, ఒక్కటే మార్చమన్నారు, నేను మూడు మార్చాను, క్షమించండి.

నడుము 94. పరగడుపు షుగర్ 101, సగటు 5.8. ట్రైగ్లిజరైడ్స్ 171. బీపీ మాత్రతో 126/80. హెచ్‌డీఎల్ మాత్రం 36 దగ్గరే కూర్చుంది.

తార్నాక_శేఖర్
246 నుంచి 171! శెభాష్. హెచ్‌డీఎల్ మెల్లగా కదులుతుంది, కంగారు పడకు.

మెంతికూర
మెంతులే, నేను ముందే చెప్పా.

ఉదయం_నడక
నడక.

నేరేడుచెట్టు
క్షమాపణ ఎందుకు నాయనా, చాలా సంతోషం. వచ్చే మూడు నెలలు మెంతులు ఆపి, మిగతా రెండూ ఉంచి చూడు. అప్పుడు ఈ ఇద్దరి తగువు తీరుతుంది.

కృష్ణలంక_రవి
అలాగే మాస్టారూ. నిన్న మా తమ్ముడు గుంటూరు నుంచి వచ్చాడు, వాడికి 38. వద్దంటున్నా నిలబెట్టి టేపు పెట్టాను. 101. ఎప్పుడూ పరీక్ష చేయించుకోలేదట. రేపు పొద్దున ఏమీ తిననివ్వకుండా ల్యాబ్‌కు తీసుకెళ్తున్నాను, రిపోర్టు రాగానే ఇక్కడే పెడతాను.